మట్టికి బదులు వరిగడ్డి: మిద్దెతోటల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు మా మిద్దె మీద మట్టి కుండీల్లో రెండు రోజులు నీళ్ళు నిలిచాయి. వంగ, మిరప అన్నీ వేళ్ళు కుళ్ళి పోయాయి. నీళ్ళు నిలవని, బరువు లేని దాంట్లో పెంచితే ఎలా ఉంటుందా అని వెతుక్కుంటూ వరిగడ్డి దగ్గర ఆగాను. మొదటి రెండేళ్ళు చెడగొట్టాను, ఆ తర్వాత నుంచి తింటున్నాము. గడ్డి నింపి మొక్కలు పెంచే మా సంచులు చూసినవాళ్ళు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. మళ్ళీ మళ్ళీ చెప్పే బదులు ఇక్కడ రాసిపెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న వాళ్ళు చదువుకోవచ్చు. అందుకే కొన్ని మాటలు రెండుసార్లు వస్తాయి, విసుక్కోకండి.

## మొదలుపెట్టే ముందు

ఉత్త గడ్డిలో మొక్క ఎలా బతుకుతుంది అక్కా? మట్టి వద్దా?

వేరుకు ఆధారం, గాలి, నీళ్ళు, తిండి ఉంటే మొక్క బతుకుతుంది. మొదటి రెండూ గడ్డి బ్రహ్మాండంగా ఇస్తుంది. నీళ్ళు అంతంత మాత్రంగా పట్టుకుంటుంది. తిండి విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. ఎండు వరిగడ్డిలో పొటాష్ బాగానే ఉంటుంది కానీ నత్రజని నూటికి అర నుంచి ముప్పావు పాలే. పైగా గడ్డి కుళ్ళేటప్పుడు ముందు తను తింటుంది, తర్వాతే మొక్కకు పెడుతుంది. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే మిగతాదంతా తేలిక. అమెరికాలో గడ్డిమోపులనే మడులుగా చేసి కూరగాయలు పండించేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ వాళ్ళు వాడేది ఎక్కువగా గోధుమ గడ్డి, వాళ్ళ ఎండ కూడా మన ఎండ కాదు. వాళ్ళ వీడియో చూసి అచ్చం అలాగే చేస్తే మన దగ్గర మొక్క ఎండిపోతుంది.

ఇంత తిప్పలు ఎందుకు? మట్టే వేసుకోవచ్చు కదా?

వేసుకోవచ్చు. కింద నేల ఉన్నవాళ్ళు మట్టే వేసుకోండి, గడ్డి జోలికి రావద్దు. మిద్దె మీద మాత్రం లెక్క వేరు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న సంచిలో సుమారు 22 లీటర్లు పడుతుంది. అందులో తడి మట్టి నింపితే ముప్పై కిలోలు దాటుతుంది. అదే సంచి గడ్డితో నింపి తడిపితే పన్నెండు కిలోల లోపే. ఇరవై సంచులు ఉంటే తేడా ఎంతో మీరే లెక్క వేసుకోండి. రెండో అంతస్తుకు మట్టి మోయించే కూలి కూడా మిగులుతుంది.

కొబ్బరి పొట్టు దొరుకుతుంటే గడ్డి దేనికి?

నిజం చెప్పాలంటే నీళ్ళు పట్టుకోవడంలో కొబ్బరి పొట్టుకు గడ్డి సాటి రాదు. పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళు తాగి మెల్లగా వదులుతుంది, త్వరగా కుళ్ళదు కూడా. గడ్డి చవక, చుట్టుపక్కల పల్లెల్లోనే దొరుకుతుంది, పంట అయ్యాక మంచి ఎరువు అవుతుంది. నేను రెండూ కలుపుతాను. పొట్టు ఒక పాలు, గడ్డి మూడు పాళ్ళు. ఉత్త గడ్డితో చేయాలనే పంతం నాకు మొదటి ఏడాదే పోయింది.

ఏ నెలలో మొదలుపెడితే మంచిది?

ఆగస్టు చివర గడ్డి మాగబెట్టి, అంటే నాటే ముందే ఎరువు కలిపి కొంత కుళ్ళనిచ్చి, సెప్టెంబరు మూడో వారానికి నారు నాటితే మన ఊరికి సరిగ్గా కుదురుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. మట్టి కుండీలు చితచితలాడే రోజుల్లో గడ్డి సంచుల్లో నీళ్ళు నిలవవు. చలికాలంలో కాపు వస్తుంది. మార్చి తర్వాత మాత్రం కొత్తగా మొదలుపెట్టకండి. కత్తెర ఎండల్లో మిద్దె మీద గడ్డిని తడిగా ఉంచడమంటే ఉద్యోగం మానుకుని కూర్చోవడమే.

## గడ్డి తెచ్చుకునేటప్పుడు

ఎలాంటి గడ్డి తీసుకోవాలి?

పసుపు రంగులో, పొడిగా, చేత్తో విరిస్తే చిటుక్కుమనేది. చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపు వరి కోతలయ్యాక మోపులుగా గానీ, యంత్రం చుట్టిన గుండ్రటి కట్టలుగా గానీ అమ్ముతారు. వామిలో పైపొర వానకు తడిసి నల్లబడి ఉంటుంది, అది వద్దు. నాకు ఒకాయన పైన బంగారంలాంటి గడ్డి చూపించి లోపల బూజు పట్టినది కట్టి పంపాడు. ఇంటికి వచ్చి విప్పేదాకా తెలియలేదు. అప్పటి నుంచి కట్ట విప్పి లోపల చెయ్యి పెట్టి చూశాకే డబ్బులు ఇస్తున్నాను. గింజలు ఎక్కువగా మిగిలిన గడ్డి కూడా వద్దు. వారం తిరగకముందే సంచి నిండా వరి నారు లేస్తుంది, దానికి తోడు ఎలుకలు.

మా ఊళ్ళో చెనక్కాయ కట్టె (కాయలు తీసేసిన వేరుశనగ తీగ) ఉంది, చెరుకు ఆకు ఉంది. వరిగడ్డే కావాలా?

చెనక్కాయ కట్టెలో నత్రజని వరిగడ్డి కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే త్వరగా కుళ్ళుతుంది, త్వరగా మెత్తబడి కూలిపోతుంది కూడా. ఒంటరిగా వాడితే రెండు నెలలకే సంచి అడుగున ముద్దై కూర్చుంటుంది. వరిగడ్డిలో నాలుగో వంతు కలపడం మంచిది. అయినా అది పశువుల నోటి దగ్గరి మేత, ధర కూడా అలాగే ఉంటుంది. చెరుకు ఆకు గరుకు, కుళ్ళడానికి చాలా కాలం పడుతుంది. దాన్ని పైన కప్పుగా వేసుకోండి. వరిగడ్డిలో సిలికా ఎక్కువ కాబట్టి ఒక పంట కాలం గట్టిగా నిలబడుతుంది, మనకు కావలసింది అదే.

కలుపు మందు కొట్టిన పొలం గడ్డేమోనని భయం. ఎలా తెలుస్తుంది?

అడిగితే ఎవరూ సరిగా చెప్పరు, పరీక్ష చేసుకోవడమే. గుప్పెడు గడ్డి చిన్నగా కత్తిరించి, కాస్త మట్టి కలిపి, ఒక గ్లాసులో నాలుగు అలసంద గింజలు వేయండి. పక్కనే ఉత్త మట్టిలో ఇంకో నాలుగు. రెండు వారాల్లో గడ్డి గ్లాసులోవి మాత్రమే ఆకులు ముడుచుకుని, కాడ మెలి తిరిగితే ఆ గడ్డి వదిలేయండి. కేవలం పాలిపోతే అది నత్రజని కొరత, మందు కాదు. చిక్కుడు జాతి మొక్కలు, టమాటా ఇలాంటి మందులకు త్వరగా లొంగుతాయి, అందుకే అలసంద.

ఎన్ని సంచులకు ఎంత గడ్డి?

22 లీటర్ల సంచికి, జానెడు ముక్కలుగా కత్తిరించి తొక్కి నింపితే, సుమారు రెండు కిలోల ఎండు గడ్డి. పది కిలోలకు ఐదు సంచులు. కత్తిరించకుండా పొడుగ్గా చుట్టి పెడితే మధ్యలో బొక్కలు మిగిలి నీళ్ళు వాటిలోంచి జారిపోతాయి.

## మాగబెట్టేటప్పుడు

మాగబెట్టకుండా నేరుగా నాటితే ఏమవుతుంది?

నేను చేశాను కాబట్టి చెబుతాను. పన్నెండు టమాటా మొక్కలు. వారం రోజులు బాగున్నాయి. పదో రోజుకు కింది ఆకులు పసుపు, నెలకు మొక్కంతా పసుపు. జానెడు ఎత్తులో ఆగిపోయాయి. తెగులు అనుకుని మందు కొట్టాను, డబ్బు దండగ. జరిగింది ఏమిటంటే, గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. వరిగడ్డిలో ఆ నిష్పత్తి ఇంచుమించు 60 నుంచి 80కి ఒకటి. గడ్డిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు 25 నుంచి 30కి ఒకటి కావాలి. ఆ లోటును అవి చుట్టుపక్కల దొరికిన నత్రజనితో పూడ్చుకుంటాయి. మనం మొక్కకని పోసిన ఎరువును కూడా ముందు అవే లాక్కుంటాయి. వాటి ఆకలి తీరేదాకా మొక్క పస్తే. కాబట్టి మొక్క రాకముందే వాటికి భోజనం పెట్టేయాలి. మాగబెట్టడమంటే ఇంతే.

యూరియా ఎంత వేయాలి? లెక్క ఎలా?

పది కిలోల ఎండు గడ్డిలో కర్బనం సుమారు నాలుగు కిలోలు, నత్రజని 60 గ్రాములు అనుకోండి. నిష్పత్తి 30కి రావాలంటే నత్రజని 130 గ్రాముల చుట్టూ ఉండాలి, అంటే 70 గ్రాములు తక్కువ. యూరియాలో 46 శాతం నత్రజని. 150 గ్రాములు వేస్తే సరిపోతుంది. ఒకేసారి కాదు. ముందు రోజంతా గడ్డిని నానబెట్టి, మర్నాడు 50 గ్రాములు బకెట్ నీళ్ళలో కరిగించి చల్లండి. మూడు రోజులకు ఇంకో 50, మరో మూడు రోజులకు మిగిలిన 50. ఎక్కువైతే నయమే అనుకుని గుప్పిళ్ళతో వేస్తే అమ్మోనియా ఘాటుకు కళ్ళు మండుతాయి, సగం గాలికి పోతుంది, మిగిలింది నారు వేళ్ళను కాలుస్తుంది.

మేము రసాయనాలు వాడము. పేడతో అవుతుందా?

అవుతుంది, కాకపోతే పరిమాణం పెద్దది. పచ్చి ఆవుపేడలో నీళ్ళే ఎక్కువ. పది కిలోల పేడలో నత్రజని 30, 40 గ్రాములకు మించదు. పది కిలోల గడ్డికి పది కిలోల పేడ కలిపితే అవసరంలో సగం తీరుతుంది. మిగతా సగానికి అర కిలో చెనక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలేది) రెండు రోజులు నానబెట్టి పోయండి. చెక్కలో నత్రజని ఏడు శాతం దాకా ఉంటుంది. మన జిల్లాల్లో చెక్కకు కొదవ లేదు, గానుగ దగ్గరే దొరుకుతుంది. ఈ పద్ధతిలో ఇంకో వారం పది రోజులు ఎక్కువ ఆగాలి. నాకు ఇదే నచ్చింది, గడ్డి మెత్తగా, నల్లగా మాగుతుంది.

జీవామృతం పోస్తే చాలదా?

చాలదు. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది, ఏం చేయను. జీవామృతమంటే 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి. ఇది ఒక ఎకరాకు చెప్పిన కొలత. అందులో ఉండేది సూక్ష్మజీవులు, నత్రజని బహు కొద్ది. గడ్డికి కావలసింది తినేవాళ్ళు కాదు, తిండి. పేడ, చెక్క వేశాక పైన జీవామృతం పోస్తే మంచిదే.

గడ్డిలోంచి ఆవిర్లు వస్తున్నాయి! కాలిపోదు కదా?

రానివ్వండి, పని జరుగుతోందని అర్థం. కుప్పగా వేసిన గడ్డి లోపల వేడి 50, 60 డిగ్రీలకు ఎక్కుతుంది. అది కలుపు గింజలను, పురుగు గుడ్లను చాలావరకు చంపుతుంది. తడిగా ఉన్నంతకాలం భయం లేదు. ఈ వేడి చిన్న సంచుల్లో రాదు, పక్కలనుంచి పోతుంది. అందుకే సంచుల్లో నింపాక మాగబెట్టకండి. టార్పాలిన్ మీద ఒకే కుప్పగా పోసి, కప్పి, నాలుగు రోజులకు ఒకసారి తిరగేయండి.

నాటడానికి సిద్ధమైందని ఎలా తెలుసుకోవాలి?

మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టండి. ఒంటి వేడి కన్నా ఎక్కువ తగలకూడదు. గడ్డి గోధుమ రంగుకు తిరిగి, మెలిపెడితే తెగాలి. వాసన అడవిలో వాన పడ్డ నేలలా ఉండాలి. మురుగు వాసన వస్తే నీళ్ళు ఎక్కువై గాలి ఆడడం లేదు, తిరగేసి రెండు రోజులు ఆరనివ్వండి. యూరియాతో రెండు మూడు వారాలు, పేడతో నాలుగు వారాలు పట్టవచ్చు.

## నాటేటప్పుడు

ఏ మొక్కలు బాగా వస్తాయి?

టమాటా, వంగ, మిరప, దోస, బీర, కాకర, పాలకూర, తోటకూర, పుదీన. నా అనుభవంలో దోసకు గడ్డంటే ప్రాణం. ముల్లంగి, క్యారెట్ వంకరలు తిరుగుతాయి. మల్లె, కరివేపాకు, నిమ్మ లాంటి ఏళ్ళ తరబడి ఉండేవి వద్దు, ఆర్నెల్లకే వాటి కింద నేల కరిగిపోతుంది.

విత్తనాలు నేరుగా చల్లవచ్చా?

చిన్న విత్తనాలు గడ్డి సందుల్లోంచి అడుక్కు జారిపోతాయి. పైన రెండంగుళాలు మట్టి, వర్మీకంపోస్టు కలిపి పరిస్తే ఆకుకూరలు చల్లుకోవచ్చు. టమాటా, వంగ, మిరపకు నారే నాటండి. గడ్డిలో పిడికెడంత గుంత చేసి, అందులో వర్మీకంపోస్టు నింపి నాటితే నారు బెదరదు.

సంచి ఎలా నింపుతారు మీరు?

అడుగున నాలుగు అంగుళాలు మాగని పొడవాటి గడ్డి, అది నీళ్ళు దిగడానికి. పైన మాగిన గడ్డి, కొబ్బరి పొట్టు కలిపి గట్టిగా తొక్కి అంచు దాకా. గుప్పెడు ఎముకల పొడి, ఎందుకంటే గడ్డిలో భాస్వరం తక్కువ. చివర రెండంగుళాలు మట్టి, వర్మీకంపోస్టు. నల్ల సంచి ఎండకు కాగుతుంది, తెల్లది తీసుకోండి. కర్ర గుచ్చితే గడ్డిలో నిలవదు, పిట్టగోడకు గానీ పందిరికి గానీ తాడుతో కట్టుకోవాలి. ఇది తెలియక గాలివానకు మా టమాటాలు బోర్లా పడ్డాయి.

## పెరిగేటప్పుడు

రోజూ బకెట్ పోస్తున్నా మొక్క వాడిపోతోంది. ఎందుకు?

నీళ్ళు పోస్తున్నారు కానీ గడ్డి తాగడం లేదు. వరి కాడ మీద మైనం లాంటి పొర ఉంటుంది. ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీళ్ళు దాని మీదుగా జారి కిందికి పోతాయి, మిద్దె తడుస్తుంది, వేరు తడవదు. సంచి ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటే లోపల ఎండిపోయినట్టే. అప్పుడు సంచిని టబ్బులో పెట్టి రెండు గంటలు కింది నుంచి నాననివ్వాలి. మామూలు రోజుల్లో ఒకేసారి ఐదు లీటర్లు పోసే కన్నా లీటరు పొద్దున, లీటరు సాయంత్రం మెల్లగా పోయడం మేలు. డ్రిప్ పెట్టుకోగలిగితే గడ్డికి అంతకు మించింది లేదు. రెండు రోజులు తలుపు వేసి ఊరికి పోయేవాళ్ళు దీని జోలికి రాకపోవడం మంచిది. మా చెల్లెలు సంక్రాంతికి మూడు రోజులు పోయి వచ్చేసరికి ఎనిమిది సంచులు ఎండాయి.

గడ్డిలో పుట్టగొడుగులు వచ్చాయి. తినొచ్చా?

తినకండి. మాగిన గడ్డిలో సన్నటి గొడుగులు పొద్దున లేచి సాయంత్రానికి నల్లటి సిరాలా కరిగిపోతాయి, అది మామూలే. మొక్కకు హాని లేదు. వరిగడ్డి మీద పెంచి అమ్మే పుట్టగొడుగులు ఉన్నాయి కదా అని కొందరు వాదిస్తారు. వాటిని తెలిసిన విత్తనంతో, శుభ్రం చేసిన గడ్డి మీద పెంచుతారు. మన సంచిలో దానంతట అది మొలిచింది ఏదో మనకు తెలియదు. పిల్లలు ఉన్న ఇంట్లో పీకి పారేయండి.

ఆకులు పసుపు పచ్చగా అవుతున్నాయి, ఏం వేయాలి?

కింది ముదురు ఆకుల నుంచి మొదలైతే నత్రజని కొరత. లీటరు నీళ్ళకు రెండు గ్రాముల యూరియా కలిపి సంచికి ఒక లీటరు, వారానికి ఒకసారి. వద్దనుకుంటే నానబెట్టిన చెనక్కాయ చెక్క తేట పది రెట్లు నీళ్ళు కలిపి పోయండి. గడ్డి నీళ్ళతో పాటు ఎరువునూ వదిలేస్తుంది. కాబట్టి ఒకసారి ఎక్కువ వేయడం కన్నా కొద్దికొద్దిగా చాలాసార్లు వేయాలి. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోతే అది ఇనుము లాంటి సూక్ష్మపోషకాల లోటు.

టమాటా కాయ అడుగున నల్ల మచ్చ వస్తోంది. తెగులా?

తెగులు కాదు. కాయకు కాల్షియం సరిగా చేరకపోతే అలా అవుతుంది. కాల్షియం నీళ్ళతోనే ప్రయాణిస్తుంది. ఒక రోజు ఎండగట్టి, మర్నాడు ముంచెత్తే అలవాటే అసలు కారణం. నీళ్ళు క్రమం తప్పకుండా ఇస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

సంచిలో గడ్డి సగానికి దిగిపోయింది!

దిగుతుంది. రెండు మూడు నెలల్లో సగానికి దిగడం మామూలే. పక్కలనుంచి మాగిన గడ్డి, పైన వర్మీకంపోస్టు నింపుతూ ఉండండి. అందుకే మొదట్లోనే గట్టిగా తొక్కి, అంచు దాకా నింపమనేది.

చీమలు, ఎలుకలు, కోతులు...

చీమలు చేరాయంటే గడ్డి ఎండిందని చీటీ పంపినట్టు. తడిపితే పోతాయి. ఎలుకలు గింజల కోసం, చెక్క వాసనకు వస్తాయి. చెక్క మీద ఎప్పుడూ మట్టి కప్పండి. కోతులకు నా దగ్గర మందు లేదు. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్ళవాళ్ళకు నేను చెప్పేదేముంది. మట్టి కుండీ అయితే కాయ కోసుకుని పోతాయి, గడ్డి సంచి తేలిక కదా, ఏకంగా బోర్లించి పోతాయి. మేము వల కట్టాము.

దీపావళికి భయం లేదా?

ఉంది. సంచిలోని తడి గడ్డి అంటుకోదు. మూలన పెట్టుకున్న ఎండు మోపు మీద ఒక్క రాకెట్ పడితే చాలు. ఆ వారం ఎండు గడ్డి మిద్దె మీద ఉంచకండి, కార్తీక దీపాలు కూడా దూరంగా పెట్టండి.

మిద్దె పాడవుతుందా?

సంచుల్లోంచి కాఫీ రంగు నీళ్ళు కారి మరక పడుతుంది. సంచిని ఇటుకల మీద గానీ స్టాండు మీద గానీ పెడితే కింద గాలి ఆడుతుంది, తడి ఆరుతుంది. పళ్ళేలు పెట్టేవాళ్ళు వాటిని రెండు రోజులకు ఒకసారి వంచేయాలి, లేకపోతే డెంగీ దోమను మనమే పెంచినట్టు.

## పంట అయ్యాక

అదే గడ్డిలో రెండో పంట వేయొచ్చా?

టమాటా, వంగ, మిరప మూడూ ఒకే కుటుంబం. ఒకటి తీసి ఇంకొకటి వేయకండి, తెగుళ్ళు మిగిలి ఉంటాయి. ఆ స్థానంలో పాలకూర, తోటకూర వేసుకోవచ్చు. అప్పటికి గడ్డి సగం ఎరువైపోయి ఉంటుంది, లోతు వేళ్ళు లేని ఆకుకూరలకు అది చాలు.

చివరికి ఆ గడ్డిని ఏం చేయాలి?

సంచి బోర్లిస్తే నల్లగా, పొడిపొడిగా రాలుతుంది. రోగం వచ్చిన మొక్కల వేళ్ళు ఏరి పారేసి, మిగతాది మట్టి కుండీల్లో కలపండి. ఇంకా కుళ్ళని కాడలు జల్లెడలో మిగిలితే కొత్త సంచి అడుగుకు వేయండి. మా ఇంట్లో ఈ ఎరువంతా మల్లె పాదులకు పోతుంది. మా అత్తగారికి నా టమాటాల మీద పెద్దగా గురి లేదు, ఈ ఎరువు కోసం మాత్రం పంట ఎప్పుడైపోతుందా అని చూస్తూ ఉంటారు.